మూడు లెక్కపెట్టే సేపు

నాకు భయమెక్కువ. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది, ఎందుకంటే కువైత్ యుద్ధం చూసి వచ్చినవాడినని తెలియగానే జనం నన్ను వేరే రకంగా చూస్తారు. మా మనవరాలైతే తుపాకీ పేల్చావా తాతా అని అడుగుతుంది. నేను పేల్చిందేమీ లేదు. రొట్టెలు విసిరాను. అదీ నా ముందు అయిదుగురు నిలబడితేనే విసరగలిగాను.

అప్పటికి నాకు ఇరవై ఏళ్ళు. కోనసీమ నుంచి వెళ్ళి ఏడాదిన్నర అయింది. సబ్హాన్‌లో పైపులు, వాల్వులు నిల్వచేసే గోడౌనులో పని. నిచ్చెన ఎక్కడానికి నాకు భయం కాబట్టి కిందే నిలబడి, పై అరల మీదున్న మనిషికి టేపు చుట్టలూ చిన్నచిన్న పెట్టెలూ విసిరి అందించేవాణ్ణి. ఆ గోడౌనుకు పెద్ద ఒక అమెరికావాడు. యాభై దాటిన భారీ మనిషి, ఉబ్బసం జబ్బు. మెడలో విజిల్, జేబులో ఇన్‌హేలర్ లేకుండా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. ఒకరోజు నేను విసిరిన టేపు చుట్ట మూడో అర మీదివాడి చేతిలో వాలడం చూసి, ఇంకోటి విసరమన్నాడు. పది దాకా విసిరించి, శుక్రవారం పొద్దున్న ఫింటాస్ గ్రౌండుకు రమ్మన్నాడు. ఉద్యోగం తీసేస్తాడేమోనని ఆ గురువారమంతా నాకు అన్నం సహించలేదు.

ఉద్యోగం కోసం కాదు, ఆట కోసం. వాళ్ళ దేశపు ఫుట్‌బాల్ అంటే ఆయనకు పిచ్చి. ఆడటానికి సాటి అమెరికావాళ్ళు చాలినంతమంది దొరక్క గోడౌను మనుషులనే జట్లుగా చేసుకున్నాడు. మేమంతా ఆయన్ని కోచ్ అనడం అప్పటినుంచే. పేరుకు ఫుట్‌బాల్ గానీ కాలితో తన్నే పని తక్కువ. బంతి చిన్న బొప్పాయి కాయలా రెండు కొసల్లో సన్నగా ఉంటుంది. విసిరేవాడు ఒకడు. దూరంగా పరుగెత్తి పట్టుకునేవాళ్ళు కొందరు. విసిరేవాణ్ణి కింద పడేయడానికి అవతలి జట్టు మీదికి ఉరుకుతుంది. అలా ఉరికేవాళ్ళను ఆపడానికి విసిరేవాడి ముందు అయిదుగురు వరసగా నిలబడతారు. నడిమివాడు బంతిని వెనక్కి అందించడం తప్ప ఆ అయిదుగురికీ బంతితో పనిలేదు. వెనక్కి తిరిగి చూడను కూడా కూడదు. తిరిగి చూస్తే ఆ సందులోంచి మనిషి దూరిపోతాడు. అంటే విసిరింది ఎటు పోయిందో, ఎవరు పట్టారో వాళ్ళకు తెలిసేది మిగతావాళ్ళ కేకలను బట్టే.

విసిరేవాడిగా నన్ను పెట్టాడు. ముందు వరసలో అయిదుగురూ కడప వైపు లోడింగ్ మనుషులు. పైపులు భుజాన మోసి మోసి వాళ్ళ మెడలు బలిసిపోయాయి. నాకు ఎడమ పక్క చివర రాయచోటి అన్న నిలబడేవాడు. నలభై అయిదేళ్ళుంటాయి, వరసలో అందరికంటే పెద్ద. కుడిచేత్తో విసిరేవాడికి ఎడమవైపు నుంచి వచ్చేవాడు కనబడడు కాబట్టి ఆ చివర నమ్మకమైనవాడు ఉండాలని కోచ్ ఆయన్ని అక్కడ పెట్టాడు.

ఎదురుజట్టులో ఈజిప్టు డ్రైవర్లు. ఒక్కొక్కడు బస్సు తలుపంత ఉండేవాడు. ముందు వరస గట్టిగా నిలిచిన రోజున నలభై గజాల అవతల పెట్టిన డ్రమ్ములో బంతి వేసేవాణ్ణి. వరసలో ఒక్క సందు కనబడిందా, ఇక నా కళ్ళు ఆ సందును వదిలేవి కావు. చెయ్యి ఎత్తినది ఎత్తినట్టే ఉండిపోయేది. అదే చెయ్యి, అదే బంతి, అయిదు నిమిషాల కిందటి మనిషినే, అయినా ఎందుకూ పనికిరాకుండా పోయేవాణ్ణి. వచ్చేవాణ్ణి చూడకు, బంతి పోవాల్సిన చోటు చూడు అని కోచ్ గొంతు చించుకునేవాడు. నాకు చూడకూడదనే తెలుసు. చూడకుండా ఉండటమే చేతకాలేదు.

"అబ్బీ, నీ సెయ్యి బాగుండాది గానీ గుండికాయే ల్యాదు," అనేవాడు రాయచోటి అన్న.

"ఆయ్, నిజవేనండి," అనేవాణ్ణి. నా 'ఆయ్' విని అయిదుగురూ నవ్వుకునేవాళ్ళు.

"మేముండాం గదా ముందర. మూడు లెక్కబెట్టే దంకా మానవుడనేవాణ్ణి రానియ్యం. ఆ లోపల నువ్వు యిసిరేసెయ్."

లెక్క ఆయనదే. పెద్దవాళ్ళ మీద నేను అరవలేనని, ఆ బాధ్యత ఆయన తీసుకున్నాడు. ధాన్యం కొలిచేటప్పుడు ఒకటికి బదులు లాభం అంటాం కదా, అలాగే మొదలుపెట్టేవాడు. లాభం, రెండు, మూడు. మూడుకల్లా బంతి నా చేతిలో ఉండకూడదు.

కోచ్‌కు మా వాళ్ళతో ఒకే ఒక్క చిక్కు. ఎదుటివాణ్ణి నెట్టేటప్పుడు కాలు తగలకుండా ఉండదు. తగిలిందా, మా కడప వాళ్ళు టక్కున వంగి, వాణ్ణి చేత్తో తాకి, ఆ చెయ్యి కళ్ళకద్దుకునేవాళ్ళు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ అలవాటు, ఎవరు చెప్పినా ఆగదు. ఈజిప్టువాడికి ఇదేమిటో తెలియదు. వంగినవాడి మీదుగా దూకి వచ్చి నన్ను ఇసకలో పడేసేవాడు. కోచ్ విజిల్ ఊదీ ఊదీ, ఇన్‌హేలర్ పీల్చీ పీల్చీ, చివరికి తెలుగులో ఒక్క మాట నేర్చుకున్నాడు. "వంగొద్దు." ఆయన నోట నేను విన్న తెలుగు మాట అదొక్కటే.

అందరికంటే ఎక్కువ వంగేది రాయచోటి అన్నే.

ఒక గురువారం తెల్లారేసరికి ఇరాక్ ట్యాంకులు వచ్చాయి. మర్నాడు శుక్రవారం మేమెవరం గ్రౌండుకు పోలేదు. గ్రౌండులో అప్పటికే సైనికులు గోతులు తవ్వుతున్నారని చెప్పుకున్నారు. మా గదిలో ఉన్నది ఆరుగురం, వరసలో అయిదుగురూ నేనూ. ఏసీ ఆపేస్తే బయటి మాటలు వినబడతాయని ఆపేసి, ఆ ఉక్కలో గోడలకు ఆనుకుని కూర్చున్నాం. బయట తుపాకీ పేలినప్పుడల్లా నేను బాత్‌రూములో దూరేవాణ్ణి. మొదట్లో నవ్వేవాళ్ళు, నాలుగు రోజులకు నవ్వడం మానేశారు.

ఇండియన్ల జోలికి సైనికులు పెద్దగా రాలేదు. హింద్? అని అడిగి, ఇఖామా, అదే అక్కడ ఉండటానికిచ్చే కార్డు, చూసి పొమ్మనేవాళ్ళు. తెల్లవాళ్ళ సంగతి వేరు. వాళ్ళంతా వచ్చి లొంగాలని, వాళ్ళను దాచినవాళ్ళకు ఉరేనని రేడియోలో చెప్పారట. ఆ మాట విన్నాక నాకు అమెరికావాడి ముఖం తలచుకోవడానికి కూడా భయం వేసింది.

మూడో వారంలో ఒక మధ్యాహ్నం కోచ్ ఉండే బిల్డింగు వాచ్‌మన్ మా గదికి వచ్చాడు. కేరళ ముసలాయన, తల మీద పరుపు చుట్ట. కింది అంతస్తులో సైనికులు మకాం పెట్టి ఆయన్ని గెంటేశారు. తలుపు వేసుకున్నాక, హిందీలో గొంతు తగ్గించి చెప్పాడు. కోచ్ లొంగిపోలేదు. సెలవుల్లో దేశం వెళ్ళినవాళ్ళ ఫ్లాటులో, రెండో అంతస్తులో, దాక్కున్నాడు. అంతవరకు తిండి తానే అందించాడు. ఇక లోపలికి వెళ్ళే దారి లేదు. వెనక సందు వైపు బాల్కనీ ఒకటుంది, సందు మొదట్లో ఒక సైనికుడు కుర్చీ వేసుకుని కూర్చుంటాడు.

నేనైతే ఆయన ఇంకేమీ చెప్పకుండా వెళ్ళిపోతే బాగుండునని మనసులో దేవుడికి మొక్కుకున్నాను. సిగ్గే, కానీ నిజం.

రాయచోటి అన్న అడిగాడు. "బాల్కనీ ఎంత ఎత్తుండాది?"

ముసలాయన చేత్తో చూపించాడు. అన్న నా వైపు తిరిగాడు. మిగతా నలుగురూ తిరిగారు.

"నా వల్ల కాదండి అన్నగారూ," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"నువ్వు ఒక్కడివే పోతాండావా ఏంది? మేం ముందర నిలబడుకుంటాం. సందులో చెత్త ఎత్తేవాళ్ళు ల్యాక కంపు కొడతాండాది. ఎత్తిపోసేదానికి వచ్చినాం అంటాం. చీపురు పట్టుకున్న ఇండియావాణ్ణి ఎవడు సూస్తాడు?"

అది నిజమే. మమ్మల్ని ఎవరూ చూడరు. మేం కువైత్‌లో నేర్చుకున్న మొదటి సంగతి అదే.

మొదటిసారి వెళ్ళింది మిట్టమధ్యాహ్నం. ఎండకు సైనికుడు టోపీ ముఖం మీదికి లాక్కుని కూర్చున్నాడు. ఖాళీ ఫ్రిజ్ డబ్బా ఒకటి అయిదుగురూ మోసుకుంటూ, వెనకాల నేను గోనెసంచితో. సంచిలో ఖుబుజ్ రొట్టెల చుట్ట. మధ్యలో జున్ను డబ్బా పెట్టి, పైన ప్లాస్టిక్ సంచి, దాని మీద గోడౌను టేపు గట్టిగా చుట్టాను. అచ్చం బంతిలాగే వచ్చింది. బాల్కనీ కమ్మికి నీలం తువ్వాలు కట్టి ఉంది. డబ్బా నిలువుగా ఎత్తి అయిదుగురూ దాని వెంట వరసగా నిలబడ్డారు. సైనికుడు కనబడకుండా పోయాడు. లాభం, అన్నాడు అన్న మెల్లగా. ముద్ద బయటికి తీశాను. రెండు. చెయ్యి వెనక్కి వెళ్ళింది. నా ముందు అయిదు వీపులున్నాయి, వాటి అవతల ఏముందో నాకు అక్కర్లేదు. మూడు. ముద్ద గిర్రున తిరుగుతూ లేచింది, తువ్వాలు పక్కనుంచి రెండు తెల్లటి చేతులు వచ్చి పట్టుకున్నాయి. చప్పుడు లేదు. తువ్వాలు ఎడమ కొస నుంచి కుడి కొసకు మారింది. అందిందన్న గుర్తు అదేనని, గెంటేసిన రోజే కోచ్‌తో అనుకుని వచ్చానని ముసలాయన ముందే చెప్పాడు. మావాళ్ళు వెనక్కి తిరగలేదు. డబ్బా దించి, చెత్త ఎత్తి, వెళ్ళిపోయాం. గదికి వచ్చాక నేను వాంతి చేసుకున్నాను.

అలా నాలుగుసార్లు వెళ్ళాం. ఒక్కటీ గురి తప్పలేదు. నాలుగోసారి తువ్వాలుతో పాటు ఒక ఖాళీ ఇన్‌హేలర్ కమ్మికి దారంతో వేలాడుతోంది.

అర్థం కానివాడు లేడు. రొట్టె లేకపోతే మనిషి రెండు రోజులుంటాడు. ఊపిరి ఆడకపోతే? పైగా దగ్గు పట్టుకుంటే ఆగదు, కింది అంతస్తులో సైనికులున్నారు. వినబడితే వచ్చి ఈడ్చుకుపోతారు. మందుల షాపులన్నీ దోచేశారు. రాయచోటి అన్న దవాఖానా వరసలో ఒక పూటంతా నిలబడి, తనకే ఉబ్బసమని ఎగశ్వాస తీస్తూ నటించి, ఒకే ఒక్క ఇన్‌హేలర్ తెచ్చాడు. అంత బాగా నటించాడట, వెనకాల నిలబడ్డ ఆవిడ ఆయనకు తన చోటు ఇచ్చిందట. ఆ మాట చెబుతూ నవ్వుతుంటే, నేను మాత్రం ఆయన చేతిలోని ఆ చిన్న వస్తువునే చూస్తున్నాను. గురి తప్పితే రెండోది లేదు.

మర్నాడు మేం అయిదుగురమే. వరసలో ఒకడు అప్పటికే బంధువులతో బస్సెక్కి జోర్డాన్ దారి పట్టాడు. ఇన్‌హేలర్‌ను రొట్టెల మధ్యలో పెట్టి ముద్దగా చుట్టాను. డబ్బాకు బదులు ఆ రోజు పాత పరుపు పట్టుకెళ్ళాం. నలుగురూ దాన్ని నిలువుగా పట్టుకున్నారు. సందులో కుర్చీలో కూర్చున్నవాడు మారాడు. పాతవాడు కునికేవాడు, వీడు కునకడం లేదు. బక్కపలచని కుర్రాడు, నాకంటే చిన్నవాడేమో. బాల్కనీ లోపల్నుంచి దగ్గు వినిపించింది, గుడ్డలో నొక్కిపెట్టిన దగ్గు.

లాభం, అన్నాడు అన్న. ముద్ద తీశాను. చెయ్యి వెనక్కి పోయింది. సరిగ్గా అప్పుడే కుర్రాడు లేచి వచ్చాడు. మా మీద అనుమానంతో కాదు. వాడికి పరుపు కావాలి. కటిక నేల మీద పడుకుంటున్నవాడికి పారేసే పరుపు కూడా పరుపే కదా. వచ్చి, ఎడమ చివర పట్టుకుని లాగాడు. ఆ ఊపుకు అన్న ముందుకు ఒక అడుగు వేశాడు. ఆయన పాదం వాడి బూటు మీద పడింది.

అన్న వంగాడు.

ఎంత చెప్పినా ఆగని ఆ అలవాటుతోనే, వాడి బూటును తాకి ఆ చెయ్యి కళ్ళకద్దుకున్నాడు. పట్టుకునేవాడు లేక పరుపు చివర ఒరిగిపోయింది. నాకూ తుపాకీకీ మధ్య ఇక ఏమీ లేదు. నేను చెయ్యి పైకెత్తి, చేతిలో ముద్దతో, నడిసందులో నిలబడి ఉన్నాను. కుర్రాడు తన కాళ్ళ దగ్గర వంగిన మనిషిని వింతగా చూస్తున్నాడు. తల ఎత్తితే నేనే కనబడతాను. అప్పుడు విసరాల్సింది. విసరలేదు. నా కళ్ళు ఆ తుపాకీ మీదే ఉన్నాయి. చెయ్యి ఎత్తినది ఎత్తినట్టే ఉండిపోయింది. పైన దగ్గు ఆగకుండా వస్తోంది. కాళ్ళ వెంట వెచ్చగా ఏదో కారింది, అది కూడా చెప్పేస్తున్నాను.

అన్న లేవబోయి, సగంలో ఆగాడు. మళ్ళీ వంగాడు. ఈసారి మోకాళ్ళ మీద పడి, రెండు చేతులతో వాడి రెండు బూట్లూ పట్టుకుని, నుదురు ఆనించి ఏదో గొణుగుతున్నాడు. అంతటి మనిషి ప్రాణభయంతో ఆ కుర్రవాడి కాళ్ళు పట్టుకుని బతిమాలుతున్నాడనుకున్నాను. నాకు ఆయన మీద కోపం కూడా వచ్చింది. కుర్రాడు బిత్తరపోయి, "లా, లా" అని వద్దంటూ కాళ్ళు విడిపించుకోవడానికి కిందికి వంగాడు. తుపాకీ వాడి వీపు వెనక్కి జారింది. అది నా కళ్ళ ముందు నుంచి పోగానే తల ఎత్తగలిగాను. తువ్వాలు కనబడింది. దాని పక్కన రెండు చేతులు.

విసిరాను. గాలిలో అది తిరగడం, కమ్మి దాటడం, వేళ్ళు మూసుకోవడం, అన్నీ చూశాను. చప్పుడు కాలేదు.

కుర్రాడు కాళ్ళు విడిపించుకుని, తుపాకీ మడమతో అన్న పక్కటెముకల మీద కొట్టాడు. ఒకసారి, ఇంకోసారి. కోపం కంటే వాడి ముఖంలో భయమే ఎక్కువ కనిపించింది నాకు. "యల్లా, ఇమ్షీ," అంటూ పొమ్మని అరిచి పరుపు లాక్కుపోయాడు. పరుగెత్తకూడదని అందరికీ తెలుసు. అన్న చెయ్యి నా భుజం మీద వేసుకుని, నడిచి వచ్చాం.

ఆ మర్నాడు దూరం నుంచి చూసి వచ్చాడు కేరళ ముసలాయన. తువ్వాలు కుడి కొసన ఉంది, దగ్గు లేదు. మూడు రోజుల తర్వాత మా పేర్లు కూడా బస్సు జాబితాలో వచ్చాయి. ముసలాయన మాత్రం ఉండిపోయాడు. విసరడానికి తనకు తెలిసినవాడు ఒకడున్నాడని చెప్పాడు. కోచ్ తర్వాత ఏమయ్యాడో నాకు తెలియదు. తెలుసుకునే దారులు దొరికిన రోజుల్లో కూడా వెతకలేదు. చెడ్డ మాట వినాల్సి వస్తుందేమోనని భయం.

బస్సులో అన్న కిటికీ పక్కన, నేను ఆయన పక్కన. గుంతల్లో పడినప్పుడల్లా పక్కటెముకలు పట్టుకుని పళ్ళు బిగించేవాడు. బస్రా దాటాక అడిగాడు.

"అబ్బీ, అది యెట్ల పోయింది? అన్ని శుక్రవారాలు నిలబడితిమి, ఒక్కటన్నా సూడ్లేదు. సెప్పు."

చెప్పాను. ఎంత ఎత్తు లేచిందో, ఎటు వంపు తిరిగిందో, వేళ్ళు ఎలా మూసుకున్నాయో చేతులు తిప్పుతూ చెప్పాను. కళ్ళు మూసుకుని విన్నాడు.

"అన్నగారూ, మొదట మీరు వంగినప్పుడే విసరాల్సిందండి. విసరలేకపోయానండి. భయం వేసింది. మీకా దెబ్బలు నా వల్లే."

"త్యలుసులే," అన్నాడు. "ముద్ద యింకా నీ చేతిలోనే ఉండాదని త్యలుసు. పైన వాడు దగ్గుతానే ఉండాడు గదా. అందుకే గదా యింగోసారి వంగినా."

బస్సు ఇంకో గుంతలో పడితే పక్కటెముకలు పట్టుకుని, నా వైపు తిరిగాడు.

"మూడు దంకా లెక్క గూడా బెట్టినా, వాని కాళ్ళ కాడ. యినపళ్ళేదా నీకు?"